సరి బేసి, ప్లస్ రెండు: పాత్ర సృష్టిపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, అంటే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి కథ నడిపించే ఆటల్లో, కొత్త పాత్రను తయారు చేసేటప్పుడు సామర్థ్యాల స్కోర్లకు కలిపే బోనస్‌ను ఎక్కడ వెయ్యాలి, అక్కడే ఎందుకు వెయ్యాలి, అసలు ఆ బోనస్ ఎక్కడి నుంచి రావాలి అన్నవే ఆ ప్రశ్నలు. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే సంచికకు దాచి, ఈ శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాను.

కొత్తగా ఆడుతున్నవారి కోసం ముందుగా ఒక మాట. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ప్రతి పాత్రకూ ఆరు సామర్థ్యాలు ఉంటాయి: స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిష్మా. ఒక్కొక్క దానికి ఒక స్కోరు ఉంటుంది. ఆ స్కోరులోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, భిన్నం వస్తే కిందికి దించితే వచ్చేది మాడిఫయర్. ఆటలో ఇరవై ముఖాల పాచికకు కలిసేది మాడిఫయరే కాని స్కోరు కాదు. అందువల్ల 14కు +2 వస్తే 15కు కూడా +2 మాత్రమే వస్తుంది. +3 కావాలంటే 16 చేరాలి. సరిసంఖ్య దగ్గర లాభం, బేసిసంఖ్య దగ్గర నిరీక్షణ అని గుర్తుపెట్టుకుంటే కింది లెక్కల్లో సగం మీకు ముందే తెలిసినట్టు.

ప్రశ్న: 2024 నియమాలతో నా మొదటి పాత్రను, ఒక ఫైటర్‌ను (ఆయుధాలతో పోరాడే క్లాస్, అంటే పాత్ర రకం), తయారు చేశాను. పుస్తకం సిద్ధంగా ఇచ్చే ప్రామాణిక స్కోర్లలోంచి స్ట్రెంత్‌కు 15, కాన్‌స్టిట్యూషన్‌కు 14, డెక్స్‌టెరిటీకి 13 పెట్టాను. సోల్జర్ బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గతజీవితం) ఇచ్చిన +2ను స్ట్రెంత్‌కు, +1ను కాన్‌స్టిట్యూషన్‌కు కలిపాను. స్ట్రెంత్ 17 చేయడం దండగ అని మా జట్టులో ఒకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ మిత్రుడు దండగ జరిగిందని సరిగానే పసిగట్టారు కాని, అది జరిగిన చోటు మాత్రం వేరు. మీ స్ట్రెంత్ 17లో పెద్ద తప్పేమీ లేదు. తప్పంతా కాన్‌స్టిట్యూషన్ 15లో ఉంది.

ఇప్పుడు మీ మూడు స్కోర్లు 17, 15, 13. వాటి మాడిఫయర్లు +3, +2, +1, అంటే మొత్తం ఆరు. మూడూ బేసిసంఖ్యలే కావడం వల్ల, మీకు దక్కిన మూడు బోనస్ పాయింట్లలో పాచిక మీద పనిచేస్తున్నది ఒక్కటే. అదే బోనస్‌ను మరో మూడు విధాలుగా వేసి చూడండి. +1ను స్ట్రెంత్‌కు, +2ను కాన్‌స్టిట్యూషన్‌కు ఇస్తే 16, 16, 13 వస్తాయి. మాడిఫయర్ల మొత్తం ఏడు. మూడింటికీ తలా ఒకటి పంచితే 16, 15, 14 వస్తాయి, అప్పుడూ ఏడే. స్ట్రెంత్‌కు +2ను అలాగే ఉంచి, +1ను కాన్‌స్టిట్యూషన్ నుంచి తీసి డెక్స్‌టెరిటీకి ఇస్తే 17, 14, 14 వస్తాయి, ఇక్కడా ఏడే. నాలుగు దారుల్లో ఒక మెట్టు తక్కువగా ఉన్నది మీరు ఎంచుకున్న దారి ఒక్కటే.

మిగిలిన మూడింటిలో ఏది మేలన్నది మీ ఆట ఎంతకాలం సాగుతుందన్న దానిపై ఆధారపడుతుంది. నాలుగైదు సమావేశాల్లో ముగిసే చిన్న కథ అయితే 16, 16, 13 మంచిది. ఎందుకంటే కాన్‌స్టిట్యూషన్ +3 వల్ల మొదటి రోజు నుంచే లెవెల్‌కు ఒక హిట్ పాయింట్ (దెబ్బలు తట్టుకునే ఓపిక) అదనంగా వస్తుంది. పాత్ర నాలుగో లెవెల్ దాటి సాగుతుందన్న నమ్మకం ఉంటే మాత్రం 17, 14, 14 వైపు మొగ్గమంటాను. 2024 పుస్తకంలో నాలుగో లెవెల్‌లో తీసుకునే ఫీట్లలో (ప్రత్యేక నేర్పుల్లో) చాలావాటితో ఒక సామర్థ్యానికి +1 కూడా వస్తుంది. పెద్ద ఆయుధాలు వాడే ఫైటర్లు ఇష్టపడే గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ స్ట్రెంత్‌ను ఒకటి పెంచుతుంది కాబట్టి, మీ 17 ఆ రోజున 18 అవుతుంది. ఫీట్ దక్కుతుంది, మాడిఫయర్ కూడా పెరుగుతుంది. అదే 16తో మొదలుపెట్టినవారు ఆ ఫీట్ తీసుకుంటే 17 దగ్గర ఆగిపోయి, మళ్లీ ఎదురుచూడాలి. ఫీట్ వద్దు, స్కోర్లే పెంచుకుంటాను అనుకుంటే ఈ చర్చకు అర్థమే ఉండదు: 17, 15 ఉన్నవారు చెరొకటి పెంచుకున్నా, 16, 16 ఉన్నవారు రెండూ స్ట్రెంత్‌కే వేసుకున్నా, ఇద్దరూ నాలుగో లెవెల్‌లో 18, 16 దగ్గరే కలుసుకుంటారు. మీ 15 ఆ దారిలో వెళితేనే ఫలిస్తుంది, అప్పటిదాకా మూడు లెవెళ్ల పాటు ఊరికే కూర్చుంటుంది.

బేసిసంఖ్యలన్నీ వ్యర్థమని దీన్నిబట్టి అనుకోవద్దు. ప్లేట్ ఆర్మర్ ధరించి వేగం తగ్గకుండా నడవాలంటే స్ట్రెంత్ 15 ఉండాలి, చైన్ మెయిల్‌కు 13 చాలు. మరో క్లాస్‌లోకి అడుగుపెట్టి మల్టీక్లాస్ చేయాలంటే సంబంధిత సామర్థ్యాలు 13 ఉండాలి. 2024 నియమాల్లో చేతితో తిప్పే హెవీ ఆయుధాలకు కూడా స్ట్రెంత్ 13 లేకపోతే డిసడ్వాంటేజ్ వస్తుంది, అంటే రెండు పాచికలు వేసి చిన్నదాన్ని తీసుకోవాలి. ఇలాంటి గడపలు కొన్నే ఉన్నాయి. మీ పాత్ర వాటిలో దేన్నీ దాటవలసిన అవసరం లేనప్పుడు మాత్రమే సరిసంఖ్యల లెక్కను పూర్తిగా నమ్మండి.

ప్రశ్న: మాడిఫయర్‌లో ఒక్క అంకె తేడా అంటే ఇరవై ముఖాల పాచికపై ఐదు శాతమే కదా? దానికోసం గంటల తరబడి వాదించుకోవడం నాకు వింతగా అనిపిస్తుంది.

జవాబు: ఇరవై సార్లు పాచిక వేస్తే ఒక్కసారి ఫలితం మారుతుంది, అంతవరకు మీరు చెప్పింది నిజం. అయితే దాడి విషయంలో ఆ ఒక్క అంకె రెండు చోట్ల పనిచేస్తుందన్న సంగతిని ఈ ఐదు శాతం వాదన మరిచిపోతుంది. మొదటి లెవెల్ ఫైటర్ లాంగ్‌సోర్డ్‌తో ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచిక మొత్తం చేరవలసిన అంకె) 15 ఉన్న శత్రువును కొడుతున్నాడనుకుందాం. స్ట్రెంత్ మాడిఫయర్ +3, ఆయుధం వాడే నేర్పుకు వచ్చే ప్రొఫిషియన్సీ +2 కలిస్తే పాచికపై 10 పడితే చాలు, అంటే తగిలే అవకాశం 55 శాతం. తగిలినప్పుడు ఎనిమిది ముఖాల పాచిక సగటు నాలుగున్నరకు మూడు కలిసి ఏడున్నర దెబ్బ. మాడిఫయర్ +2 అయితే 11 పడాలి, అవకాశం 50 శాతం, సగటు దెబ్బ ఆరున్నర. క్రిటికల్ దెబ్బలను పక్కన పెట్టి గుణిస్తే, ఒక దాడికి వచ్చే సగటు మొదటివాడికి 4.1 దాకా, రెండోవాడికి 3.25. అంటే ఐదు శాతం అనుకున్నది చివరికి ఐదో వంతు నష్టంగా తేలుతుంది. రోజూ పక్కపక్కన నిలబడి పోరాడే ఇద్దరు ఫైటర్ల మధ్య ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

మరి మీరు పూర్తిగా పొరబడ్డారా అంటే అదీ కాదు. తలుపు తాళం తీయడం, కాపలావాణ్ణి మాటల్లో పెట్టడం, పాత శాసనాన్ని చదవడం వంటి పనుల్లో మాడిఫయర్ ఒక్కసారే కలుస్తుంది. అక్కడ మీ ఐదు శాతం అక్షరాలా ఐదు శాతమే. మీ జట్టు ఆటలో యుద్ధాలు తక్కువ, సంభాషణలు ఎక్కువ అయితే బోనస్‌ను ఎక్కడ వేసినా కొంప మునగదు. పాత్ర ప్రధాన సామర్థ్యానికి 16 వచ్చేలా చూసుకుని, మిగతావి ఇష్టం వచ్చినట్టు వేసుకోవచ్చు. ఆ పదహారు కూడా లేకపోతే ఏమవుతుందన్నది వేరే ప్రశ్నగా వచ్చింది, కింద చెబుతాను.

ప్రశ్న: ఇంట్లో దొరికిన పాత నియమాల పుస్తకంలో ఎల్ఫ్‌కు ఒక బోనస్, డ్వార్ఫ్‌కు మరొక బోనస్ ఉన్నాయి, కొన్నిటికి కోతలు కూడా ఉన్నాయి. కొత్త పుస్తకంలో అవేవీ లేవు. ఇలా ఎందుకు మార్చారు? పాత పద్ధతిలో ఒక రుచి ఉందనిపిస్తోంది.

జవాబు: రుచి ఉన్న మాట నిజమే. దానితో పాటు ఏమి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో డ్వార్ఫ్‌లూ ఎల్ఫ్‌లూ ఉన్నా, వాటికి స్కోరు బోనస్‌లు లేవు. మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని వరుసగా రాసుకోవడమే. ఆ స్కోర్ల ప్రభావం కూడా ఈనాటితో పోలిస్తే స్వల్పం. క్లాస్‌కు ముఖ్యమైన సామర్థ్యం ఎక్కువగా ఉంటే అనుభవ పాయింట్లలో పది శాతం దాకా అదనంగా రావడమే వాటి పెద్ద ప్రయోజనం. జాతిని బట్టి కలపడం, తీసివేయడం 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో స్థిరపడింది: డ్వార్ఫ్‌కు కాన్‌స్టిట్యూషన్ ఒకటి పెరుగుతుంది, కరిష్మా ఒకటి తగ్గుతుంది, ఎల్ఫ్‌కు డెక్స్‌టెరిటీ ఒకటి పెరుగుతుంది, కాన్‌స్టిట్యూషన్ ఒకటి తగ్గుతుంది. అదే పుస్తకం స్త్రీ పాత్రల స్ట్రెంత్‌కు పురుష పాత్రల కంటే తక్కువ గరిష్ఠ పరిమితి పెట్టింది. 1989 నాటి రెండో ఎడిషన్ దాన్ని ఎత్తేసింది; ఈనాడు దానికోసం బెంగపడేవారు ఎవరూ నాకు తారసపడలేదు.

2000లో మూడో ఎడిషన్ వచ్చినప్పుడు రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. ఆరు సామర్థ్యాలకూ ఒకే మాడిఫయర్ సూత్రం వచ్చింది. జాతి బోనస్ ఒకటి నుంచి రెండుకు పెరిగింది. మొదటి మార్పు వల్ల ప్రతి రెండు పాయింట్లకూ ఒక మెట్టు ఖాయం కాబట్టి, రెండో మార్పు బరువు ఒక్కసారిగా పెరిగిపోయింది. హాఫ్ ఆర్క్‌కు స్ట్రెంత్ రెండు పెరిగి, ఇంటెలిజెన్స్, కరిష్మా చెరో రెండు తగ్గేవి. హాఫ్ ఆర్క్ విజర్డ్‌ను, అంటే ఇంటెలిజెన్స్‌పై ఆధారపడే మాంత్రికుణ్ణి, ఆడాలనుకున్నవారు జట్టు మొత్తానికి భారమవుతామేమోనన్న జంకుతో ఆ ఆలోచనను మానుకునేవారు. 2008 నాటి నాలుగో ఎడిషన్ కోతలను తీసేసి, చాలా జాతులకు రెండు సామర్థ్యాల్లో +2 చొప్పున ఇచ్చింది. 2014 నాటి ఐదో ఎడిషన్ సాధారణంగా ఒకదానికి +2, ఇంకొకదానికి +1 అనే దారి పట్టింది. ఆ ఎడిషన్‌కు 2016లో వచ్చిన ఒక అనుబంధ గ్రంథంలో ఆర్క్‌కు ఇంటెలిజెన్స్ కోత, కోబోల్డ్‌కు స్ట్రెంత్ కోత మళ్లీ తొంగిచూశాయి కాని, 2020లో వాటిని తొలగించారు. ఆ ఏడాది నవంబరులోనే వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్, జాతి ఇచ్చే బోనస్‌ను ఆటగాడు తనకు నచ్చిన సామర్థ్యానికి మార్చుకోవచ్చని చెప్పింది. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ‘రేస్’ అనే మాటను ‘స్పీసీస్’గా మార్చి, బోనస్‌ను అక్కడి నుంచి పూర్తిగా తీసి బ్యాక్‌గ్రౌండ్‌కు, అంటే పాత్ర సాహసాలకు రాకముందు గడిపిన జీవితానికి ముడిపెట్టింది. తెలుగులో మనం రెండింటినీ జాతి అనే అంటున్నాం కాబట్టి పేరు మార్పు మన చెవికి పెద్దగా తగలదు. బోనస్ ఇల్లు మారడం మాత్రం తగులుతుంది.

మార్పుకు కారణాలు రెండు. ఒకటి న్యాయానికి సంబంధించినది: ఒక జాతి మొత్తం పుట్టుకతోనే తెలివి తక్కువదని నియమాల పుస్తకమే అచ్చువేసి చెప్పడం చాలామందికి మింగుడుపడలేదు, పడకపోవడమే సబబు. రెండోది లెక్కకు సంబంధించినది. పాయింట్ బై పద్ధతిలో 27 పాయింట్లతో స్కోర్లు కొనుక్కునేటప్పుడు 15కు మించి కొనడానికి వీలు లేదు. 16 కావాలంటే బోనస్ తప్ప మరో దారి లేదు. ఆ బోనస్ జాతికే కట్టి ఉన్నంతకాలం ప్రతి క్లాస్‌కూ రెండు మూడు ‘సరైన’ జాతులు తయారవుతాయి, మిగతావి బొమ్మల్లో చూసుకోవడానికి మిగులుతాయి. విలుకాడంటే ఎల్ఫ్, గొడ్డలి అంటే డ్వార్ఫ్ అన్న రుచి మొదటిసారి బాగానే ఉంటుంది. పదో ఎల్ఫ్ విలుకాడి దగ్గరికి వచ్చేసరికి చప్పబడుతుంది.

అయితే టాషా పద్ధతి కూడా నిష్కళంకం కాదు. జాతులన్నిటికీ బోనస్ మొత్తం సమానంగా లేనప్పుడు, వాటిని ఎటైనా జరుపుకోమనడం వల్ల కొత్త అసమానత పుట్టింది. 2014 పుస్తకంలో మౌంటెన్ డ్వార్ఫ్‌కు రెండు +2లు ఉన్నాయి. స్ట్రెంత్ బోనస్ విజర్డ్‌కు పనికిరాదు కాబట్టి అప్పట్లో అది ఎవరికీ అభ్యంతరం కాలేదు. జరుపుకునే వీలు రాగానే ఆ రెండూ ఇంటెలిజెన్స్‌కూ కాన్‌స్టిట్యూషన్‌కూ చేరాయి, పైగా మీడియం ఆర్మర్ వేసుకునే నేర్పు డ్వార్ఫ్‌కు జాతితోనే వస్తుంది. కొన్నాళ్లపాటు కవచం తొడిగిన డ్వార్ఫ్ విజర్డ్‌లు పుట్టగొడుగుల్లా మొలిచారు.

ప్రశ్న: 2014 పుస్తకంలోని హాఫ్ ఎల్ఫ్‌ను 2024 బ్యాక్‌గ్రౌండ్‌తో కలిపి ఆడితే రెండు బోనస్‌లూ వస్తాయా?

జవాబు: రావు. పాత జాతిని కొత్త బ్యాక్‌గ్రౌండ్‌తో కలిపినప్పుడు జాతి ఇచ్చే స్కోరు పెంపును వదిలేయాలని 2024 పుస్తకం స్పష్టంగానే చెప్పింది. చీకట్లో చూపు వంటి మిగతా లక్షణాలు మీవే.

ప్రశ్న: నా విజర్డ్ ఒకప్పుడు సైన్యంలో పనిచేసి బయటికి వచ్చిన మనిషి. కాని సోల్జర్ బ్యాక్‌గ్రౌండ్ స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్లకే బోనస్ ఇస్తుంది. ఇంటెలిజెన్స్ 15 దగ్గరే ఉండిపోతోంది. కథ వదులుకోవాలా, స్కోరు వదులుకోవాలా?

జవాబు: 2024 పద్ధతిపై నాకున్న ప్రధాన అభ్యంతరాన్ని మీ ఉత్తరం నాకంటే బాగా చెప్పింది. బోనస్‌ను పుట్టుక నుంచి విడదీసి గతజీవితానికి కట్టారు, మంచిదే. కాని కట్టు మాత్రం అలాగే ఉంది. ఒకప్పుడు ‘విజర్డ్ అంటే హై ఎల్ఫ్’ అన్నవారు ఇప్పుడు ‘విజర్డ్ అంటే సేజ్ బ్యాక్‌గ్రౌండ్’ అంటున్నారు. అనుభవం మనిషిని మలుస్తుందన్న ఆలోచన పుట్టుకే నిర్ణయిస్తుందన్న ఆలోచన కంటే నాకు నచ్చుతుంది. అయితే సైన్యంలో గడిపిన ఏ ఒక్కరికీ బుద్ధి పదునెక్కదని చెప్పే పట్టిక ఆ ఆలోచనకే అడ్డం వస్తుంది.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఆ పుస్తకంలోని పదహారు బ్యాక్‌గ్రౌండ్‌లనూ పేరు చూసి కాక అవి ఇచ్చే సామర్థ్యాలు చూసి మళ్లీ చదవడం. గార్డ్ అనే బ్యాక్‌గ్రౌండ్ స్ట్రెంత్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్లకు బోనస్ ఇస్తుంది. మీ విజర్డ్ సైన్యంలో కోట బురుజు మీద రాత్రి కాపలా కాసేవాడని ఒక్క వాక్యం మారిస్తే కథ చెక్కుచెదరదు, ఇంటెలిజెన్స్ 17 అవుతుంది. కాన్‌స్టిట్యూషన్‌కు బోనస్ దొరకదన్నది ఒక్కటే లోటు. రెండోది, మీ ఆటను నడిపించే డంజన్ మాస్టర్‌ను అడగడం. కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ను సొంతంగా తయారు చేసుకునే మార్గదర్శకాలు 2024 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్నాయి. మూడు సామర్థ్యాలను ఎంచుకోవడం అందులో ఒక మెట్టు. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు, నియమమే తలుపు తెరిచి పెట్టింది.

మూడో దారి ఎవరూ చెప్పనిది: 15తోనే ఆడడం. మీ మంత్రాలను శత్రువు తట్టుకోవడానికి దాటవలసిన అంకె 13కు బదులు 12 అవుతుంది. అది నష్టమే. కాని మ్యాజిక్ మిసైల్‌కు పాచికే అక్కరలేదు. షీల్డ్, మిస్టీ స్టెప్, ఫ్లై, హేస్ట్ వంటి మంత్రాలు మీ ఇంటెలిజెన్స్ ఎంతో అడగవు. అలాంటి మంత్రాలను ఎక్కువగా ఎంచుకుని, సోల్జర్ బోనస్‌తో కాన్‌స్టిట్యూషన్‌ను 16 చేసుకున్న విజర్డ్ దెబ్బ తిన్నప్పుడు కూడా ఏకాగ్రత కోల్పోకుండా నిలబడతాడు. జట్టును కాపాడే విజర్డ్‌గా అతను ఏమీ తీసిపోడు. నిప్పుల వర్షం కురిపించాలన్నది మీ కోరిక అయితే మాత్రం మొదటి దారే పట్టండి.

ప్రశ్న: మా జట్టులో పాచికలు వేసి స్కోర్లు తీసుకుంటాం. అప్పుడు బోనస్ విషయంలో జాగ్రత్త పడవలసింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, అయితే ఆ జాగ్రత్త ఆటగాడి కంటే జట్టు తీసుకోవలసినది. నాలుగు పాచికలు వేసి అతి చిన్నదాన్ని తీసేసే పద్ధతిలో ఒక్కో స్కోరు సగటు 12.24. ప్రామాణిక స్కోర్లయిన 15, 14, 13, 12, 10, 8ల సగటు సరిగ్గా 12. సగటులో తేడా దాదాపు లేనట్టే. తేడా అంతా అంచుల్లో ఉంది. ఆరుసార్లు వేస్తే కనీసం ఒక 18 పడే అవకాశం సుమారు తొమ్మిది శాతం. ఆ అదృష్టవంతుడు తన +2ను దాని మీద వేస్తే మొదటి లెవెల్‌లోనే 20 అవుతుంది, అంటే పాత్రలకు సాధారణంగా ఉండే గరిష్ఠ పరిమితి. పాయింట్ బైలో ఎంత నేర్పుగా వేసినా మొదటి లెవెల్‌లో 17 దాటదు. పక్కనున్నవాడి అతిపెద్ద స్కోరు 14 అయితే, బోనస్ తరువాత 16 దగ్గర నిలిచి, ఆ రెండు మెట్ల తేడాను నెలల తరబడి మోయాలి.

కాబట్టి పాచికలు వేసే జట్లలో బోనస్‌తో కలిపి మొదటి లెవెల్‌లో ఏ స్కోరూ 18 దాటకూడదన్న ఇంటి నియమం పెట్టుకోవడం మంచిదని నా సలహా. 18 పడినవారు తమ బోనస్‌ను వేరే చోట వేసుకుంటారు, పాత్రకు రెండో బలం వస్తుంది, వారికేమీ అన్యాయం జరగదు. ఆటగాళ్లకు చెప్పవలసింది ఒక్కటే: పాచికలన్నీ పడిన తరువాతే బోనస్ ఎక్కడో నిర్ణయించండి, బేసిసంఖ్యలు ఎక్కడ పడ్డాయో చూడండి. మూడు బేసిసంఖ్యలు మీకు పనికొచ్చే సామర్థ్యాల్లో ఉంటే, మూడు +1ల పద్ధతి అప్పటిదాకా కనిపించనంత ఆకర్షణీయంగా కనిపిస్తుంది.

ప్రశ్న: పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్‌లోకి మారుతున్నాం. అక్కడ బోనస్‌లు నాలుగు చోట్ల నుంచి వస్తాయట. గందరగోళం కాదా?

జవాబు: చదివేటప్పుడు గందరగోళంగా ఉంటుంది, చేసేటప్పుడు ఉండదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే అని దాచకుండా చెబుతాను.

2019లో వచ్చిన ఈ ఎడిషన్‌లో బోనస్‌ను బూస్ట్ అంటారు. మీ పూర్వీకుల జాతి కొన్ని బూస్ట్‌లు ఇస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ రెండు ఇస్తుంది, క్లాస్ తన ముఖ్య సామర్థ్యానికి ఒకటి ఇస్తుంది, చివరికి మీ ఇష్టమైన నాలుగు వేర్వేరు సామర్థ్యాలకు తలా ఒకటి మీరే వేసుకుంటారు. ఒకే విడతలో ఒకే సామర్థ్యానికి రెండు వేయకూడదు. 2023లో మొదలైన సవరణ ప్రతులు స్కోర్లనే తీసేసి మాడిఫయర్లను మాత్రమే ఉంచాయి: అన్నీ సున్నా దగ్గర మొదలై, ఒక్కో బూస్ట్‌కు ఒకటి చొప్పున పెరుగుతాయి. దానితో మొదటి లెవెల్ పాత్రకు సరి బేసి గొడవే లేకుండా పోయింది.

డ్వార్ఫ్ క్లెరిక్‌ను తీసుకోండి. జాతి నుంచి విజ్‌డమ్‌కు ఒకటి, తగిన బ్యాక్‌గ్రౌండ్ నుంచి ఒకటి, క్లాస్ నుంచి ఒకటి, ఇష్టమైన నాలుగింటిలోంచి ఒకటి వేస్తే +4, మొదటి లెవెల్‌లో అదే గరిష్ఠం. ఇప్పుడు డ్వార్ఫ్ బార్డ్‌ను తీసుకోండి. బార్డ్‌కు కరిష్మా ముఖ్యం, డ్వార్ఫ్‌కు కరిష్మాలో ఒక కోత ఉంది. జాతి ఇచ్చే ఐచ్ఛిక బూస్ట్‌తో ఆ కోతను పూడ్చి సున్నాకు తెచ్చి, మిగతా మూడు విడతల్లో ఒక్కొక్కటి వేస్తే +3 వస్తుంది. ఎదురీది ఆడినా గరిష్ఠానికి ఒక్క మెట్టు దూరమే. ఆ ఒక్క మెట్టు కూడా వద్దనుకునేవారికి, జాతి బూస్ట్‌లూ కోతా అన్నీ వదిలేసి రెండు ఐచ్ఛిక బూస్ట్‌లు తీసుకునే వీలుంది. అప్పుడు డ్వార్ఫ్ బార్డ్‌కు కూడా +4. పాత రుచి కావలసినవారికి రుచి దక్కింది, వద్దనుకున్నవారికి శిక్ష పడలేదు. ఒకే చోట పెద్ద బోనస్‌ను కట్టిపడేయకుండా చిన్న చిన్న వాటాలుగా నాలుగు చోట్లకు పంచడం వల్లే ఇది సాధ్యమైంది.

ప్రశ్న: నేను సొంతంగా ఒక ఆట నియమాలు రాస్తున్నాను. ఆటగాడు +2, +1లను ఎక్కడైనా వేసుకోవచ్చని రాశాను. అందరికీ సమాన అవకాశం కదా, ఇంతకంటే మంచి పద్ధతి ఉంటుందా?

జవాబు: సమాన అవకాశమే. కాని మీరు రాసిన నియమాన్ని ఇంకొక్కసారి చూడండి. ఏ షరతూ లేకుండా ఎక్కడైనా వేసుకోగలిగిన బోనస్‌కూ, మొదట ఇచ్చిన స్కోర్లే కొంచెం పెద్దవిగా ఉండడానికీ తేడా ఏమిటి? 15, 14, 13, 12, 10, 8 ఇచ్చి తరువాత మూడు పాయింట్లు పంచుకోమనే బదులు, 17, 14, 14, 12, 10, 8 అనో, 16, 16, 13, 12, 10, 8 అనో రెండు మూడు వరుసలు అచ్చువేసి నచ్చినది ఎంచుకోమంటే సరిపోతుంది. క్యారెక్టర్ షీట్‌పై ఒక గడి తగ్గుతుంది, కొత్త ఆటగాడు మా మొదటి పాఠకుడిలా మూడు బేసిసంఖ్యల గుంటలో పడే ప్రమాదమూ తప్పుతుంది.

బోనస్‌ను విడిగా ఉంచాలనుకుంటే అది పాత్ర గురించి ఏదో ఒకటి చెప్పాలి. జాతి చెప్పించకూడదనుకుంటే వేరే నోళ్లున్నాయి: నేర్పిన గురువు, చేసిన వృత్తి, తప్పించుకున్న ప్రమాదం. ఆటగాడు ప్రతి +1కూ ఒక వాక్యం రాయాలని షరతు పెట్టవచ్చు. ‘పడవల మీద పెరిగాను, అందుకే డెక్స్‌టెరిటీ’ అన్నంత చిన్న వాక్యం చాలు. ఇది లెక్కను మార్చదు కాని, డంజన్ మాస్టర్‌కు కథలో పట్టుకోవడానికి ఒక కొక్కెం దొరుకుతుంది. ఇంకో మార్గం 1986 నాటి గర్ప్స్ వంటి పాయింట్ల ఆటలది. అక్కడ జాతి ఇచ్చే లాభాలన్నిటికీ పాయింట్లతో వెల కట్టి ఉంటుంది. ఉచితంగా వచ్చేది ఏదీ లేదు కాబట్టి బోనస్ అన్న మాటకే చోటుండదు. లెక్కలంటే ఇష్టపడే జట్టుకు అది స్వర్గం. పాత్రను పావుగంటలో సిద్ధం చేసి ఆట మొదలుపెట్టాలనుకునేవారికి మాత్రం దాన్ని సిఫారసు చేయను.

ప్రశ్న: రెండు సమావేశాలు ఆడాక బోనస్ తప్పు చోట వేశానని తెలిసింది. మార్చుకోవచ్చా?

జవాబు: నియమాల్లో అలాంటి వెసులుబాటు కోసం వెతకకండి, మీ డంజన్ మాస్టర్‌నే అడగండి. మూడో లెవెల్ చేరేలోపు ఒక్కసారి మార్చుకోనివ్వడం నేను ఆడించే జట్లలో అలవాటు. ఆటలోకి దిగితే తప్ప పాత్ర ఎలాంటిదో ఎవరికీ పూర్తిగా తెలియదు. మార్చేటప్పుడు స్కోరు ఒక్కటే దిద్ది ఊరుకోవద్దు. దాడి, సేవింగ్ త్రో, స్కిల్స్, ఆర్మర్ క్లాస్, ఇనిషియేటివ్ అన్నీ ఆ మాడిఫయర్‌ను పట్టుకునే ఉంటాయి. ముఖ్యంగా కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ మారితే ఇప్పటి లెవెల్‌కే కాక గడిచిన లెవెళ్లన్నిటికీ కలిపి హిట్ పాయింట్లు సరిచేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే, అందుకే ఆ గడిని ముందుగా పెన్సిల్‌తో దిద్దుకోండి.